అవాంటీ కొని ఎల్ఎస్ ఇంజిన్ పెట్టించేద్దామా అన్నా?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటా, సాఫ్ట్‌వేర్, వయసు 36. ఇక్కడికి రెండున్నర గంటల దూరంలో, ఇండియానాలో ఒక రైతు షెడ్డులో 1963 స్టూడబేకర్ అవాంటీ చూశా, రెండు డోర్ల కూపే. 1998లో ఆపేసిన బండి అంట, ఇంజిన్ జామ్ అయిపోయింది, 11,500 డాలర్లు చెప్తున్నాడు, గట్టిగా అడిగితే 10 వేలకి దిగేలా ఉన్నాడు. ఆ బండి ముక్కు చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. నా ప్లాన్ ఏంటంటే ఆ పాత ఇంజిన్ పీకేసి, షెవర్లే సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చే 5.3 లీటర్ల ఎల్ఎస్ వీ8 ఇంజిన్, దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టించేయడం. బాడీ ఫైబర్ కాబట్టి తుప్పు గొడవ లేదు. మొత్తం బడ్జెట్ 25 వేలు. మా పెదనాన్న జీపుకి మటడోర్ వ్యాన్ ఇంజిన్ పెట్టించుకుని ఇరవై ఏళ్ళు తోలాడు, ఇదీ అంతేగా? మా ఆవిడ మాత్రం వద్దంటోంది. శనివారం మళ్ళీ చూడ్డానికి వెళ్తా. ఏం చేయమంటావ్?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ఇంజిన్ గురించి పది లైన్లు రాసి తుప్పు గురించి ఒక్క లైను రాశావ్ చూడు, "ఫైబర్ కాబట్టి తుప్పు గొడవ లేదు" అని, నేను ఆ లైను దగ్గరే ఆగిపోయా. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు గానీ ఇది మాట్లాడుకోకుండా పది వేలు వాడి చేతిలో పెట్టకు.

అవాంటీకి బాడీ ఫైబరే, నిజమే. కానీ ఆ ఫైబర్ బాడీ గాల్లో నిలబడదుగా, కింద ఇనప ఛాసిస్ ఉంటుంది, ఆ ఛాసిస్‌కీ బాడీకీ మధ్యలో రెండు పక్కలా డోర్ల కింద, ముందు చక్రం దగ్గర్నుంచి వెనక చక్రం దాకా, రేకు వంచి చేసిన పొడుగాటి తొట్టి లాంటిది ఒకటి ఉంటుంది. ఇక్కడి వాళ్ళు దాన్ని హాగ్ ట్రఫ్ అంటారు, అంటే పందులకి కుడితి పోసే తొట్టి, అచ్చం అలాగే ఉంటుంది కూడా. బాడీ నిటారుగా నిలబడేది దాని మీదే. అందులోకి నీళ్ళు, బురద, చలికాలం రోడ్ల మీద కొట్టే ఉప్పు అన్నీ చేరతాయి, బయటికి రావు. పైన ఫైబర్ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇది బిస్కెట్‌లా అయిపోతుంది. ఇండియానా బండి, అదీ రైతు షెడ్డులో పాతికేళ్ళు, నువ్వే ఆలోచించుకో. మామూలు ఇనప బండి అయితే తుప్పు బుడగలై కళ్ళకి కనపడుతుంది, దీనికి ఆ అదృష్టం కూడా లేదు.

నా మొదటి అవాంటీ కొన్నది 2011లో, కొత్తగా పెయింట్ వేసిన బండి, ఇంజిన్ గడియారంలా తిరుగుతోంది, నేను నీలాగే ఆ ముక్కు చూసి పడిపోయా. ఇంటికొచ్చాక ఆయిల్ మారుద్దామని జాకీ పెట్టా, పెట్టింది ఎక్కడో తెలుసా, సరిగ్గా ఆ తొట్టి కిందే, తెలీక. కర్‌ర్‌మని శబ్దం, జాకీ తల లోపలికి దిగిపోయింది, ఆ తర్వాత డ్రైవర్ పక్క డోరు తీస్తే మళ్ళీ పడలేదు. రెండు పక్కలా కొత్త తొట్లు వేయించడానికి షాపు వాడు బాడీ కింద మొత్తం సపోర్టులు పెట్టి, డోర్లు సెట్ చేసి, తొమ్మిది నెలలు తిప్పించుకున్నాడు, బిల్లు చూస్తే ఒక ఇంజిన్ బోరింగ్ చేయించుకున్నంత అయింది. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్‌లో చేసిన తొట్లు దొరుకుతున్నాయి, సామాను ఖరీదు పెద్ద బాధ కాదు, బాధంతా మజూరీ దగ్గరే.

కాబట్టి చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక పాత దుప్పటి, టార్చి, లావుపాటి స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళు. కింద పడుకుని ఆ తొట్టి పొడుగునా స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పో. గట్టిగా మోగితే రేకు ఉన్నట్టు, డబ్ డబ్ అంటే లోపల మట్టీ తుప్పూ ఉన్నట్టు, మొనతో పొడిస్తే దిగిపోయిందంటే ఇంక చెప్పేదేముంది. తర్వాత డోరు వేసి పైన వెనక మూల దగ్గర సందు ఎంతుందో చూడు, కిందా పైనా సందు ఒకేలా లేకపోయినా, డోరు తీయగానే కిందకి జారి మూసేటప్పుడు ఎత్తి వేయాల్సొస్తున్నా, అమ్మేవాడు "కీలు అడ్జస్ట్ చేస్తే పోద్ది" అంటాడు, నవ్వి ఊరుకో. ఛాసిస్ మీద జాకీ పెట్టి ఒక పక్క కొంచెం లేపి అదే సందు మళ్ళీ చూడు, మారిందంటే బాడీకి వెన్నుపూస లేనట్టే. వాడు జాకీ పెట్టనివ్వకపోతే అదీ ఒక జవాబే అనుకో.

సరే ఇప్పుడు ఇంజిన్. నువ్వు "ఆ పాత ఇంజిన్" అని తీసిపారేస్తున్నావ్ కదా, అది ఏంటో తెలుసుకుని తీసెయ్. స్టూడబేకర్ అంటే 1852లో సౌత్ బెండ్‌లో గుర్రబ్బండ్లు చేసుకుంటూ మొదలైన కంపెనీ, 1960ల మొదట్లో మునిగిపోయే స్థితిలో ఉంటే ప్రెసిడెంట్ షెర్వుడ్ ఎగ్బర్ట్ వెళ్ళి పేరున్న డిజైనర్ రేమండ్ లోవీని పట్టుకున్నాడు, లోవీ ముగ్గురిని వెంటేసుకుని పామ్ స్ప్రింగ్స్‌లో ఇల్లు తీసుకుని నలభై రోజుల్లో ఈ బండి గీసిచ్చాడు. కొత్త ఛాసిస్ చేయడానికి డబ్బూ లేదు టైమూ లేదు, అందుకని లార్క్ కన్వర్టిబుల్ ఛాసిస్సే సరిచేసి కింద పెట్టారు. బాడీలు చేసింది మీ ఒహాయోలోనే, ఆష్టబ్యులాలో, షెవర్లే వాళ్ళ కార్వెట్ స్పోర్ట్స్ కారుకి బాడీలు చేసినవాళ్ళే. మొదట్లో ఆ ముక్కలు ఒకదానికొకటి అతకక బండ్లు లేటయ్యాయి, ఆర్డరిచ్చిన జనం విసుగెత్తి వేరే బండ్లు కొనుక్కున్నారు, 1963 డిసెంబర్‌లో సౌత్ బెండ్ ఫ్యాక్టరీకి తాళం పడింది. అన్నీ కలిపి 4,643 బండ్లే. నువ్వు చూసింది అందులో ఒకటి.

అందులో ఉండేది 289 క్యూబిక్ అంగుళాల వీ8. ఇక్కడ ఒక గమ్మత్తుంది, ఫోర్డ్‌కి కూడా అప్పట్లోనే 289 వచ్చింది, రెంటికీ అంకె తప్ప ఏ సంబంధమూ లేదు, పార్ట్స్ షాపులో "289కి వాటర్ పంప్" అని అడిగితే ముస్తాంగ్‌ది ఇచ్చి పంపిస్తారు. స్టూడబేకర్‌ది బరువైన, మొండి ఇంజిన్, ఫోర్జ్ చేసిన క్రాంకు, టైమింగ్ చైన్ ఉండదు, గేర్లే. మామూలు అవాంటీకి ఆర్1 అని ఉంటుంది, దాదాపు 240 హార్స్‌పవర్, దాని మీద ప్యాక్స్‌టన్ సూపర్‌చార్జర్ పెడితే ఆర్2, 290కి దగ్గర. 1962లో ఆండీ గ్రానటెల్లీ అనే రేసింగ్ మనిషి బోనవిల్ ఉప్పు మైదానంలో ఈ బండితో 29 రికార్డులు కొట్టాడు, గంటకి 168 మైళ్ళు తోలాడు. అదేం ముసలి గేదె కాదని చెప్పడానికే ఇదంతా.

బ్లాక్ ముందు వైపు పైన ఇంజిన్ నంబర్ ఉంటుంది, తుడిచి చూడు. ఆర్ అక్షరంతో మొదలైతే ఆర్1, ఆర్ఎస్ అంటే సూపర్‌చార్జర్ ఇంజిన్. బండి సీరియల్ నంబర్ రాసుకుని సౌత్ బెండ్‌లో ఉన్న స్టూడబేకర్ నేషనల్ మ్యూజియానికి పంపితే ఆ బండి ఫ్యాక్టరీ ఆర్డర్ కాగితం కాపీ డబ్బులు తీసుకుని ఇస్తారు, ఏ రంగు, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ డీలర్‌కి వెళ్ళింది అన్నీ ఉంటాయి అందులో. అరవై ఏళ్ళ కింద మూతపడిన కంపెనీ కాగితాలు ఇంకా జాగ్రత్తగా ఉన్నాయి, మనం పోయినేడాది కట్టిన ఇంటి పన్ను రసీదు ఎక్కడుందో చెప్పలేం. నంబర్లు కలిసి, అదీ ఆర్ఎస్ అని తేలితే ఆ ఇంజిన్ పీకితే నీతో మాట్లాడను.

ఇక "జామ్" అనేది ఒక రోగం పేరు కాదు, పాతికేళ్ళు తిరక్కపోతే ఏ ఇంజిన్ అయినా రింగులు సిలిండర్ గోడకి పట్టేసి కూర్చుంటాయి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో ఆటోమేటిక్ గేర్ ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి పోసి వారం రోజులు వదిలెయ్, మధ్యలో ఇంకొంచెం పొయ్యి. తర్వాత క్రాంకు బోల్టుకి పొడుగు కడ్డీ పానా వేసి నెమ్మదిగా ఇటూ అటూ కదుపు, సెల్ఫ్ మాత్రం కొట్టకు, కొడితే కదలాల్సింది కదలక విరగకూడనిది విరుగుద్ది. సగం ఇంజిన్లు ఇలాగే లేస్తాయి. లేచినా సంబరపడిపోయి స్టార్ట్ చేసేయకు, బ్లాక్ పక్కనున్న ఫ్రీజ్ ప్లగ్గులు, అంటే నీళ్ళ దారులకి కొట్టిన రేకు మూతలు, తీసి చూడు, ఈ ఇంజిన్లలో వెనక సిలిండర్ల చుట్టూ నీళ్ళ దారుల్లో తుప్పు బురద గట్టిగా పేరుకుపోతుంది, అది కడక్కుండా ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా వేడెక్కుద్ది. ఆయిల్ జింక్ ఎక్కువ ఉన్నది పొయ్యాలి, పెట్రోల్ గొట్టాలు రబ్బరువన్నీ మార్చాలి, ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత రబ్బరుని తినేస్తుంది.

ఇప్పుడు మీ పెదనాన్న జీపు దగ్గరికొద్దాం. ఆయన తెలివైనోడే, కాదన్ను. మన దగ్గర మటడోర్ ఇంజిన్ పెట్టిన జీపులు నేనూ ఎక్కా. కానీ అది డీజిలు, సెల్ఫ్‌కీ లైట్లకీ తప్ప వైరనేదే లేదు, బానెట్ కింద మనిషి కూర్చునేంత జాగా, షెడ్డులో వెల్డింగ్ మిషన్ ఉంటే మౌంటింగులు సాయంత్రానికి తయారు. నువ్వు పెట్టాలనుకుంటున్నది కంప్యూటర్‌తో నడిచే ఇంజిను, అదీ పాములా ముక్కు కిందికి దించిన బండిలో.

ఎల్ఎస్ చెడ్డదని నేను అనను, ఆ ఇంజిన్‌ని కొట్టే ఇంజిన్ లేదు, దొరకడం తేలిక, చవక, చావదు. నేనూ ఒక పికప్‌లో వేసి తోలుతున్నా. అవాంటీలో ఇబ్బందులు వేరే. ట్రక్కు ఇంజిన్ మీద ఉండే ఇన్‌టేక్, అదే గాలి లోపలికి తీసుకునే భాగం, ఎత్తుగా ఒంటె మూపురంలా ఉంటుంది, అవాంటీ హుడ్ కింద పట్టదు, కార్లకి వచ్చిన పొట్టి ఇన్‌టేక్ వెతుక్కోవాలి, హుడ్ మీద డ్రైవర్ వైపు ఉన్న ఆ ఒంటి ఉబ్బు ఏదో సాయం చేస్తుందనుకోకు, అది అందానికి. కింద ట్రక్కు ఆయిల్ పాన్ లోతు, స్టూడబేకర్ స్టీరింగ్‌కి ఛాసిస్ మధ్యలో బెల్ క్రాంకు అని ఒకటి తిరుగుతూ ఉంటుంది, పాన్ దానికి తగలకూడదు, అంటే వేరే పాన్. సైలెన్సర్ గొట్టాలు స్టీరింగ్ బాక్సు పక్క నుంచి దూర్చాలి. పెట్రోల్ ట్యాంకు ఈ బండికి వెనక సీటు వెనకే ఉంటుంది, పాత పంపు ఐదారు పీఎస్ఐతో తోస్తే చాలు, ఎల్ఎస్‌కి 58 కావాలి, అంటే పిల్లలు కూర్చునే సీటు వెనక నుంచి అంత ప్రెషర్ లైను పోతుంది, ఆ పని ఎవడు పడితే వాడి చేత చేయించేది కాదు. ముందు గ్రిల్ లేదు కదా, గాలి బంపర్ కింద నుంచి లోపలికి వెళ్ళాలి, స్టాక్ ఇంజిన్‌తోనే క్యాబిన్ లోపల కాళ్ళు ఉడుకుతాయి.

చాలామందికి చివరి దాకా తట్టనిది ఎర్త్. ఇనప బండిలో బాడీ మొత్తం ఎర్తే, ఎక్కడ బోల్టు బిగిస్తే అక్కడ. ఫైబర్ బాడీలో ప్రతి దీపానికీ, ప్రతి సెన్సర్‌కీ విడిగా ఎర్త్ వైరు లాగాలి. అరవై ఏళ్ళ వైరింగ్‌కి ఎల్ఎస్ కంప్యూటర్ తగిలించావనుకో, బ్రేక్ లైటు వేస్తే టాకో మీటర్ ఊగుతుంది, వాన పడితే ఇంజిన్ తడబడుతుంది, ఎక్కడ ఏంటనేది వెతకడానికి వారాంతాలు వారాంతాలు పోతాయి. నువ్వు సాఫ్ట్‌వేర్ కాబట్టి ఎర్రర్ కోడ్ వస్తే చదువుకుంటా అంటావు, ఎర్త్ లేని సెన్సర్ అబద్ధపు కోడ్ ఇస్తుంది బాబూ.

ఇదంతా అయ్యాక 300 హార్స్‌పవర్ తెచ్చావ్. ఆపేదేంటి? ముందు డిస్క్ బ్రేకులే, ఆ రోజుల్లో అమెరికాలో అది గొప్ప, కానీ మాస్టర్ సిలిండర్ ఒకే గది, ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోద్ది. ఇంజిన్ ఏది ఉంచినా సరే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించు, అది పెట్టే దాకా ఇంటి వీధి దాటకు. వెనక డానా 44 హౌసింగ్ గట్టిదే గానీ యాక్సిల్ కొనలు టేపర్‌గా ఉండి హబ్బు దాని మీద బిగుసుకుని ఉంటుంది, తీయాలంటే పెద్ద పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టి తీసే మెకానిక్ దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చేసుకో.

లెక్క చూద్దాం, అన్నీ నా అనుభవంలోంచి చెప్తున్న ఉజ్జాయింపులే. బండికి 10 వేలు. ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్, కంప్యూటర్, ఫ్యూయల్, పాన్, మౌంటింగులు, రేడియేటర్, డ్రైవ్‌షాఫ్ట్ అన్నీ కలిపి నువ్వే పని చేసుకుంటే 9, 10. షాపుకి ఇస్తే దానికి రెట్టింపు అనుకో. బ్రేకులు, టైర్లు, ట్యాంకు శుభ్రం, గ్లాసు రబ్బర్లు ఇంకో 4. అప్పటికే 24. తొట్లు పోయుంటే, పోయుంటాయని నా అనుమానం, అక్కడే బడ్జెట్‌కి చిల్లు. పైగా ఇంజిన్ మార్చిన అవాంటీని అమ్మబోతే స్టూడబేకర్ వాళ్ళు "అయ్యో" అని వెళ్ళిపోతారు, ఎల్ఎస్ వాళ్ళు "కెమారో అయితే బాగుండు" అంటారు.

మరి నీకు కావాల్సింది ఆ ముక్కూ, షెవీ (షెవర్లే) ఇంజినూ అయితే ఆ పని ఎప్పుడో జరిగిపోయింది తెలుసా? స్టూడబేకర్ చేతులెత్తేశాక సౌత్ బెండ్‌లోనే డీలర్లుగా ఉన్న నేథన్ ఆల్ట్‌మన్, లియో న్యూమన్ అనే ఇద్దరు ఆ బండి హక్కులూ అచ్చులూ కొనేసి, స్టూడబేకర్ ఇంజిన్ ఇంక దొరకదు కాబట్టి కార్వెట్ 327 ఇంజిన్ పెట్టి 1965 నుంచి అవాంటీ 2 అని చేతితో ఒక్కొక్కటే చేసి అమ్మారు. తర్వాత 350, 400 అలా షెవీ ఇంజిన్లే మారుతూ వచ్చాయి, చేతులు మారుతూ 1980ల్లో కూడా నడిచింది. షెవీ ఇంజిన్ పట్టించడానికి ముక్కు కొంచెం పైకి లేపాల్సొచ్చింది, లోవీ గీసిన ఆ కిందికి దూకబోతున్న పులి నిలకడ పోయింది, పక్క నుంచి చూస్తే తెలుస్తుంది, నాకు నచ్చదు, చాలామంది పట్టించుకోరు. ఫ్యాక్టరీ వాళ్ళకే ముక్కు లేపాల్సొచ్చిందంటే నీ గ్యారేజ్‌లో నీకెన్ని తిప్పలుంటాయో చూసుకో. అవాంటీ 2 కొంటే అందులో ఉండే ఆ 327, 350 లాంటి ఇంజిన్లకి, వాటినే స్మాల్ బ్లాక్ షెవీ అంటారు, పార్ట్స్ అమెరికాలో ఏ ఊరి షాపులో అయినా దొరుకుతాయి, అయినా ఆగలేక ఎల్ఎస్ వేస్తా అన్నా స్మాల్ బ్లాక్ మౌంటింగుల మీద ఎల్ఎస్ కూర్చోబెట్టే ప్లేట్లు రెడీమేడ్‌గా అమ్ముతారు. దాని కిందా అదే స్టూడబేకర్ ఛాసిస్, అవే తొట్లు ఉంటాయని మాత్రం మర్చిపోకు, దుప్పటీ స్క్రూడ్రైవరూ అక్కడికీ పట్టుకెళ్ళాలి.

నేనైతే ఏం చేస్తా అంటావా. తొట్లు బాగుండి ఇంజిన్ నంబర్ కలిస్తే 9 వేలకి కొట్టి తెచ్చుకుని ఆ 289నే లేపుతా, బోరింగ్ పడినా సరే. తొట్లు పోయి నంబర్ కలిస్తే 6 వేల పైన ఒక్క డాలర్ ఇవ్వను. నంబర్ కలవకపోయినా, బ్లాక్ చలికి పగిలి ఉన్నా అప్పుడు నీ ఎల్ఎస్ ముచ్చట తీర్చుకో, నేనే వచ్చి పానాలు అందిస్తా, ఒక్క షరతు, ఛాసిస్‌కి గానీ ఫైబర్‌కి గానీ కటింగ్ మిషన్ తగలకూడదు, అన్నీ బోల్టుల మీదే కూర్చోవాలి. పీకిన ఇంజిన్ తుక్కుకి వేయకు, నూనె రాసి స్టాండ్ మీద పెట్టుకో.

మీ ఆవిడ సంగతి నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావ్ గానీ ఆవిడ ఎందుకు వద్దంటోందో రాయలేదు. డబ్బు గురించా, గ్యారేజ్ గురించా? కొలంబస్‌లో రెండు కార్ల గ్యారేజ్‌లో ఒక గది ఇంజిన్ లేని బండికి పోతే జనవరిలో మంచు గీక్కోవాల్సింది ఎవరి కారుకో ముందు తేల్చుకోండి. నా మట్టుకు నేను మూడు చలికాలాలు నా కారే గీక్కున్నా, అందుకే ఇంట్లో గొడవ రాలేదు. ఇన్సూరెన్స్ కూడా మామూలు పాలసీ కాకుండా ముందే విలువ రాసుకునే క్లాసిక్ పాలసీ తీసుకోవాలి, వాళ్ళు సాధారణంగా తాళం పడే గ్యారేజూ రోజువారీ వాడుకోడానికి ఇంకో కారూ ఉన్నాయా అని అడుగుతారు, ఇంజిన్ మారిస్తే అదీ చెప్పాలి.

శనివారం వెళ్తా అన్నావ్ కదా, పొద్దున్నే వెళ్ళు, వెలుతురు బాగుంటుంది. రెండు పక్కలా తొట్లు ఆ చివర్నుంచి ఈ చివరి దాకా, డోరు వెనక మూల సందు, ఇంజిన్ నంబర్, ఈ మూడు ఫోటోలు పంపు. ముక్కు ఫోటో మాత్రం పంపకు, నేనూ మనిషినే.